పరీక్ష కౌంటర్ దగ్గరి పిల్లకేనా? విజయవాడ వ్యాపార యజమానులకు బహిరంగ లేఖ

వన్‌టౌన్ బట్టల షాపుల నుంచి బెంజ్ సర్కిల్ షోరూమ్‌ల దాకా, సూర్యారావుపేట ఆసుపత్రుల నుంచి ఆటోనగర్ వర్క్‌షాపుల దాకా, నలుగురిని పనిలో పెట్టుకుని జీతాలిచ్చే యజమానులందరికీ, వారి తరఫున స్టాఫ్‌ను చూసుకునే మేనేజర్లకూ నమస్కారం.

దసరా సీజన్‌కు మనుషుల్ని తీసుకునే రోజులు దగ్గరపడుతున్నాయి. ఈసారి మీలో చాలామంది నోట ఒకే మాట వినిపిస్తోంది. మనిషి గుణం ఎలాంటిదో ముందే చెప్పేసే టెస్టు ఏదో వచ్చిందట, అది పెట్టి చెడ్డవాళ్లను గుమ్మంలోనే ఆపేద్దాం అని. కొందరు ఇప్పటికే ఏజెంట్ల దగ్గర కొనేశారు కూడా. ఫోన్‌లో వరసగా ప్రశ్నలు, చివర్లో ఆకుపచ్చో ఎరుపో. ఎరుపు వస్తే ఆ పిల్లతో ఇంకో మాట మాట్లాడకుండా పంపేస్తున్నారు. మరోపక్క, మానేసి వెళ్లిన పనివాళ్ల ఫొటోలు "వీళ్లను ఎవరూ తీసుకోవద్దు" అన్న మాటతో మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి.

ఈ ఊళ్లో ముందు బట్టల షాపుల్లో, తర్వాత ఆసుపత్రి ఆఫీసుల్లో స్టాఫ్ వ్యవహారాలు చూడటమే నా ఉద్యోగంగా ఉండేది. ఆ పని చేస్తూనే సైకాలజీ చదువుకున్నాను. అందుకే ఈ విషయం మీద మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను. మనిషి గుణానికీ, పనిచోట అతను చేసే చెడుకూ సంబంధం ఉంది. అది కొట్టిపారేసే సంగతి కాదు. కానీ ఆ పరీక్షను మీరు ఎవరి మీద పెడుతున్నారు? ఇంకా పనిలో చేరనివాళ్ల మీద, చేరినా చేతిలో ఏ అధికారమూ ఉండనివాళ్ల మీద. గుణం గురించి నిజంగా వాకబు చేయాల్సింది వాళ్ల నెత్తిన మీరు కూర్చోబెట్టే మనిషి విషయంలో. పైగా, గుణవంతుల చేత కూడా చెడ్డ పని చేయించే పద్ధతులు మన షాపుల్లోనే ఉన్నాయి. వాటి జోలికి పోకుండా టెస్టులు కొంటే డబ్బు దండగ, ఉసురు అదనం.

ముందు నష్టం అంటే ఏమిటో చూద్దాం. యజమానికి వెంటనే గుర్తొచ్చేది చేతివాటం. అది స్టాకు లెక్కలో తేలుతుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. 1995లో సాండ్రా రాబిన్సన్, రెబెకా బెనెట్ అనే ఇద్దరు పరిశోధకులు పనిచోట జరిగే తప్పుడు పనులన్నిటినీ ఒక వరసలో పెట్టారు. కొన్ని సంస్థకు తగిలే దెబ్బలు, కొన్ని తోటి మనుషులకు తగిలే దెబ్బలు. రెండింటిలోనూ చిన్నవీ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి. మన భాషలో చెప్పుకోవాలంటే, గోడౌన్‌లో పడుకుని టైమ్ గడపడం, చెప్పకుండా మానేయడం, కావాలని మెల్లగా చేయడం, సరుకు పాడుచేయడం, దొంగిలించడం ఒకవైపు. చాడీలు చెప్పడం, ఒకరి తప్పు ఇంకొకరి మీదికి నెట్టడం, నోటికొచ్చినట్టు తిట్టడం, ఆడపిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇంకోవైపు. ఈ రెండో వైపు జరిగేది ఏ స్టాకు రిజిస్టరులోనూ ఎక్కదు. కానీ మంచి సేల్స్‌మన్ చెప్పాపెట్టకుండా ఎదురు షాపులో చేరిపోయినప్పుడు, పాత కస్టమరు మీ మెట్లు ఎక్కడం మానేసినప్పుడు మీరు పోగొట్టుకునేది ఆ ఖాతాలోదే. చీర ముక్క పోయిందని కెమెరాలు పెట్టించిన యజమానులు, ఒక్క సూపర్‌వైజర్ నోటి దురుసుకు ఎంతమంది పనివాళ్లు పోయారో లెక్క రాసుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఇక గుణం సంగతి. మనుషుల స్వభావాన్ని ఐదు పాళ్లుగా చూడటం సైకాలజీలో బాగా నిలదొక్కుకున్న పద్ధతి. బాధ్యతగా, పద్ధతిగా పనిచేసే గుణం ఒకటి. ఎదుటివాళ్లతో సౌమ్యంగా, సర్దుకుని పోయే గుణం ఒకటి. త్వరగా టెన్షన్ పడటం, కుంగిపోవడం, చిరాకు పడటం ఒకటి. నలుగురిలో చొరవగా కలిసిపోవడం, కొత్తదాని మీద ఆసక్తి చూపడం మిగతా రెండూ. 2007లో క్రిస్టొఫర్ బెర్రీ, డెనిజ్ ఓన్స్, పాల్ శాకెట్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టారు. బాధ్యతాగుణం తక్కువున్నవాళ్లలో సంస్థకు నష్టం చేసే పనులు ఎక్కువ. సౌమ్యత తక్కువున్నవాళ్లలో తోటివాళ్లను బాధపెట్టే పనులు ఎక్కువ. సున్నా అంటే సంబంధమే లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు అనుకుంటే, ఈ రెండు సంబంధాల బలం 0.4 దాటింది. త్వరగా చిరాకు పడే గుణానికీ కొంత పాత్ర ఉంది, కానీ అంత కాదు. ఈ ఐదు పాళ్ల పద్ధతి తర్వాత వచ్చిన మరో పద్ధతిలో మైకేల్ ఆష్టన్, కిబియోమ్ లీ ఆరో పాలు ఒకటి కలిపారు. నిజాయతీ, వినయం కలిసిన గుణం అది. అది తక్కువున్నవాళ్లు ఎదుటివాళ్లను వాడుకోవడానికి, అడ్డదారి తొక్కడానికి వెనకాడరని చాలా పరిశోధనల్లో తేలింది.

0.4 అంటే సైకాలజీలో చిన్న అంకె కాదు. కానీ అది మీకు ఏజెంటు చెప్పినంత పెద్దదీ కాదు. మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో ఆ ఒక్క గుణంతో అర్థమయ్యేది సుమారు ఆరో వంతు. మిగతా ఐదు వంతులూ ఇంకెక్కడో ఉన్నాయి.

దీన్ని మీ గుమ్మం దగ్గర పెట్టి చూడండి. వందమంది ఉద్యోగానికి వచ్చారనుకుందాం. వాళ్లలో నిజంగా పెద్ద నష్టం చేసే రకం ఐదుగురే అనుకుందాం. మీ టెస్టు చాలా గొప్పదనే ఒప్పుకుందాం. చెడ్డవాళ్లలో నూటికి ఎనభైమందిని పట్టేస్తుంది, మంచివాళ్లలో నూటికి ఇరవైమంది విషయంలోనే పొరబడుతుంది. అప్పుడు ఆ ఐదుగురిలో నలుగురు దొరుకుతారు. మిగిలిన తొంభై ఐదుగురిలో పంతొమ్మిదిమందికి కూడా ఎరుపు పడుతుంది. మీరు తిప్పి పంపిన ఇరవై ముగ్గురిలో పంతొమ్మిదిమంది ఏ పాపమూ ఎరగనివాళ్లు. మీ ఫోన్‌లో ఉన్న టెస్టుకు ఈపాటి బలం కూడా ఉందని ఎవరు నిరూపించారు? అమ్మిన ఏజెంటును ఒక్కమాట అడగండి. ఈ ప్రశ్నలు తెలుగు మాట్లాడే మన పనివాళ్ల మీద పెట్టి, తర్వాత ఏడాదిపాటు వాళ్ల పని చూసి సరిపోల్చారా? ఆ కాగితాలు చూపించగలరా? చూపించలేకపోతే అది టెస్టు కాదు, చిలకజోస్యం.

ఇంకో సంగతి. "ఇతరుల వస్తువు తీసుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగితే, ఉద్యోగం కావాల్సిన మనిషి ఏం టిక్కు పెడుతుంది? లోకజ్ఞానం ఉన్నవాళ్లు మీకు నచ్చే జవాబే ఇస్తారు. అమాయకంగా "అవును, చిన్నప్పుడు ఒకసారి" అని నిజం రాసిన పిల్లకు ఎరుపు పడుతుంది. మనుషుల్ని పదహారు రకాలుగా విడగొట్టే మయర్స్ బ్రిగ్స్ టెస్టు పేరు మీరు వినే ఉంటారు. దాన్ని ఉద్యోగానికి ఎంపిక చేయడానికి వాడవద్దని ఆ టెస్టును అమ్మే సంస్థే చెబుతోంది. అయినా దాని నకళ్లు పట్టుకుని మన ఊళ్లో ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి.

వాట్సాప్‌లో ఫొటోలు తిప్పేవారికి ఒక పరిశోధన సంగతి చెప్పాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అనే ఊళ్లో ఒకే కాలంలో పుట్టిన పిల్లల్ని చిన్నతనం నుంచీ వరసగా గమనిస్తూ వచ్చారు. వాళ్లు 26 ఏళ్లకు వచ్చాక, పనిచోట ఎలాంటి తప్పుడు పనులు చేస్తున్నారో అడిగారు. బ్రెంట్ రాబర్ట్స్, అతని తోటి పరిశోధకులు 2007లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. ఉద్యోగంలో చేరకముందు కోర్టులో నేరం రుజువై శిక్షపడ్డవాళ్లు పనిచోట మిగతావాళ్లకన్నా ఎక్కువ తప్పులు చేయలేదు. అంటే పాత కేసు చూసి మనిషిని తేల్చేస్తే అది గురి తప్పిన లెక్కే. అదే పరిశోధనలో 18 ఏళ్ల వయసులో కొలిచిన గుణం ప్రభావం బలంగా కనిపించింది, దాన్ని నేను దాచను. పని చేసే చోటి పరిస్థితులకు కూడా విడిగా ప్రభావం ఉందని తేలింది. కోర్టు రికార్డుకే అంత విలువ లేనప్పుడు, కోపంతో మానేసిన మనిషి గురించి పాత యజమాని రాసిన రెండు ముక్కలకు ఎంత విలువ ఉంటుంది? ఆ ఫొటోలో ఉన్న మనిషికి తన మాట చెప్పుకునే దారే లేదు. తన పేరు ఎందుకు చెడిందో తెలియక షాపు షాపుకూ తిరుగుతున్న ఆడపిల్లల్ని నేను ఎరుగుదును.

ఇప్పుడు, గుణం బాగున్న మనిషిని కూడా తప్పుదారి పట్టించే పద్ధతుల గురించి. దీని మీద నాకు తెలిసిన అన్నిటిలోకీ గట్టి పరిశోధన 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అచ్చు వేసింది. అమెరికాలో ఒకే కంపెనీకి చెందిన మూడు ఫ్యాక్టరీలు. పెద్ద కాంట్రాక్టులు చేజారి, రెండు ఫ్యాక్టరీల్లో 10 వారాలపాటు అందరికీ 15 శాతం జీతం కోశారు. మూడోదాంట్లో కోయలేదు. కోసిన రెండింటిలో ఒకచోట యాజమాన్యం స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి, లెక్కలు ముందుపెట్టి, ఎందుకు కోయాల్సి వచ్చిందో ఓపిగ్గా చెప్పింది, మీకు ఈ కష్టం పెడుతున్నందుకు బాధగా ఉందని కూడా చెప్పింది. రెండోచోట నాలుగు ముక్కల్లో తేల్చేసింది. ఆ వారాల్లో దొంగతనాలు ఎక్కడ పెరిగాయో మీరు ఊహించగలరు. కోత పడ్డ రెండుచోట్లా పెరిగాయి, కానీ సరిగ్గా చెప్పనిచోట బాగా ఎక్కువ పెరిగాయి, సరిగ్గా చెప్పినచోట ఆ పెరుగుదల చాలా తక్కువ. జీతాలు మళ్లీ మామూలయ్యాక దొంగతనాలూ మామూలు స్థాయికి వచ్చేశాయి. ఆ పది వారాల్లో ఎవరి గుణమూ మారలేదు. జీతం మారింది, మాట్లాడిన తీరు మారింది.

మన దగ్గర కోత అనేది పది వారాలతో పోయేది కాదు. ఏడాది పొడుగునా ఉంటుంది. వన్‌టౌన్‌లో నేను పనిచేసిన ఒక బట్టల షాపులో కోతల కోసమే పొడవాటి పుస్తకం ఒకటి ఉండేది, ఎర్ర క్యాలికో అట్టతో. అందులో "షార్టు" అని ఒక గడి. నెలాఖరుకు స్టాకులో ఎంత తక్కువ తేలితే అంత, ఆ ఫ్లోరు మీద పనిచేసినవాళ్లందరికీ సమానంగా పంచి కోసేవాళ్లు. ఆషాఢం సేల్ నెలలో ఆ గడిలో అంకెలు పెద్దవిగా ఉండేవి. జనం తోసుకుంటూ వస్తారు, విప్పిన చీర విప్పినట్టే ఉంటుంది, ట్రయల్ గది దగ్గర ఎవరు ఏం పట్టుకెళ్లారో చూసే నాథుడుండడు. జాకెట్ ముక్కల కౌంటర్‌లో ఒక అమ్మాయి ఉండేది. మైలవరం వైపు నుంచి బస్సులో వచ్చేది. మొదటి రెండు నెలలు ఆ అమ్మాయి కోత రోజున ఫ్లోర్ మేనేజర్ ముందు నిలబడి, "నేను తియ్యలేదు సార్, నా కౌంటర్‌లో లెక్క సరిగ్గా ఉంది, చూడండి" అని బిల్లు పుస్తకం చూపించేది. ఆయన చూసేవాడు కాదు. "అందరికీ పడింది, నీకూ పడింది" అనేవాడు. మూడో నెల నుంచి ఆ అమ్మాయి పుస్తకం తీసుకురావడం మానేసింది. తర్వాత ఒకరోజు లంచ్‌లో తన డబ్బాలో లైనింగ్ గుడ్డ మడతపెట్టి కనిపించింది. నేను చూశానని తనకు తెలిసింది. భయపడలేదు, ఏడవలేదు. "తీసినా కోస్తారు, తియ్యకపోయినా కోస్తారు కదక్కా" అంది.

ఆ అమ్మాయికి మీ టెస్టు పెట్టి ఉంటే మొదటి రోజున పచ్చగా వచ్చేది. లెక్క సరిగ్గా చూపించాలని మేనేజర్ వెంటపడిన మనిషికి బాధ్యతాగుణం లేదని ఎవరూ అనలేరు. నిజాయతీకి దక్కింది ఏమీ లేదని తనకు నెలనెలా నేర్పింది మన పుస్తకమే. చేసిన తప్పు తప్పే. కానీ ఆ తప్పును తయారుచేసిన చెయ్యి ఎవరిదో కూడా చూడాలి.

ఇలా అందరికీ పంచి కోయడం చట్టం ఒప్పేది కాదు. పాత వేతన చెల్లింపు చట్టం 1936 నుంచీ, ఇప్పటి 2019 వేతన కోడ్‌లోనూ జరిమానాకు ఒక హద్దు ఉంది. ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా వేయకూడదు. సరుకు పోయినందుకు కోయాలంటే, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, పోయినదానికన్నా ఎక్కువ కోయకూడదు. ఎవరు తీశారో తెలియనప్పుడు ఇరవైమంది మీద పంచడానికి ఏ నిబంధనా లేదు. మీ ఆడిటర్‌ను అడిగి చూడండి.

అయితే ఒకే అన్యాయానికి అందరూ ఒకేలా స్పందించరు. గుణం అసలు పనిచేసేది ఇక్కడ. 1999లో డేనియల్ స్కార్లికి, రాబర్ట్ ఫోల్గర్, పాల్ టెస్లుక్ ఈ విషయం మీదే పరిశోధన చేశారు. తమకు అన్యాయం జరిగిందనుకున్న ఉద్యోగుల్లో కొందరు సంస్థ మీద కక్ష తీర్చుకుంటారు. ఎవరు? త్వరగా కోపం, దిగులు కమ్మేసే స్వభావం ఉన్నవాళ్లు, సౌమ్యత తక్కువున్నవాళ్లు. అన్యాయం లేనిచోట ఈ తేడా అంతగా బయటపడదు. ఇంకో మాటలో చెప్పాలంటే, మీరు ఎవరిని చూసి భయపడుతున్నారో ఆ మనుషుల్లో చాలామంది న్యాయంగా నడిచే షాపులో మామూలుగా పనిచేసుకుపోతారు.

సౌమ్యులు ఊరుకుంటారు కాబట్టి ఏమీ జరగలేదనుకోవద్దు. జాకెట్ ముక్కల కౌంటర్ పక్కనే పట్టుచీరల దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. నోరు విప్పి ఒక్క మాట అనేవారు కాదు. అన్ని కోతలూ కట్టేవారు. దీపావళి దాటాక బీపీ ఎక్కువై పనికి రాలేకపోయారు, మళ్లీ రాలేదు. ఆయన గురించి ఫ్లోర్ మేనేజర్ అన్న మాట "మంచి మనిషి, ఏ గొడవా లేదు" అని.

ఆలస్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనం ఆలస్యమైతే బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ అంటాం, పనివాడు ఆలస్యమైతే బాధ్యత లేదంటాం. ఎదుటివాడి ప్రవర్తనకు పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని తప్పుపట్టే ఈ అలవాటును 1977లో లీ రాస్ అనే సైకాలజిస్ట్ పేరు పెట్టి మరీ వివరించాడు. నూజివీడు నుంచో కంకిపాడు నుంచో రెండు బస్సులు మారి వచ్చే మనిషి పది నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కోసే షాపులున్నాయి. సగం రోజు ఎలాగూ పోయింది కదా అని ఆ మనిషి మధ్యాహ్నం దాకా రాకపోతే, మళ్లీ రిజిస్టరులో "క్రమశిక్షణ లేదు" అని రాస్తారు. పది పదకొండు గంటలు నిలబెట్టి, కాసేపు కూర్చోవడానికి స్టూలు కూడా వేయని చోట సాయంత్రానికి సేల్స్‌గర్ల్ ముఖంలో నవ్వు లేకపోతే అది గుణదోషం కాదు, కాళ్ల నొప్పి. మన దక్షిణాదిలోనే కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే సదుపాయం కల్పించాలని చట్టాన్నే సవరించారు. మనం చట్టం కోసం ఆగాల్సిన పనిలేదు. స్టూలు ఖరీదు ఎంతని?

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట. గుణం చూడాల్సింది ఎవరిలో? 2002లో డెల్‌రాయ్ పాల్‌హస్, కెవిన్ విలియమ్స్ మూడు చీకటి గుణాలను ఒకచోట పెట్టి పరిశీలించారు. తానే గొప్ప అనుకుంటూ ఎప్పుడూ పొగడ్త కోరుకోవడం, మనుషుల్ని పావులుగా వాడుకోవడం, ఎదుటివాడి బాధ చూసినా చలించకపోవడం. ఈ గుణాలున్న మనిషి కింది మెట్టు మీద ఉంటే చేసే చెడు నలుగురికి తగులుతుంది. అదే మనిషి ఫ్లోర్ మేనేజరో, వార్డు ఇన్‌ఛార్జో, స్టోర్స్ ఇన్‌ఛార్జో అయితే అతని కింద ఉన్న అందరి ప్రవర్తనా మారిపోతుంది. బెనెట్ టెప్పర్ 2000లో కిందివాళ్లను అవమానించే పైఅధికారుల మీద పరిశోధన చేశాడు. వాళ్ల కింద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉద్యోగం మానేస్తారు, ఉన్నవాళ్లు కూడా ఇటు పనిలో అటు ఇంట్లో సుఖంగా ఉండలేరు. 2007లో మేరీ మిచెల్, మౌరీన్ ఆంబ్రోస్ ఇంకో అడుగు ముందుకేశారు. అవమానపడ్డ ఉద్యోగి ఆ కోపాన్ని ఆ అధికారి మీదే కాదు, సంస్థ మీద, తోటివాళ్ల మీద కూడా తీర్చుకుంటాడని చూపించారు. మీ కౌంటర్ దగ్గర కస్టమర్‌తో పెడసరంగా మాట్లాడిన కుర్రాడిని అడిగే ముందు, పొద్దున అతనితో ఎవరు ఎలా మాట్లాడారో అడగండి.

ఇలాంటివాళ్లు మీకు కనిపించరు. మీ ముందు చేతులు కట్టుకుని, "మీరు చెప్పాక తిరుగేముంది సార్" అంటారు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. ఇంటర్వ్యూలో అందరికన్నా బాగా మాట్లాడేది వాళ్లే. నేను చూసిన ఒక షోరూమ్‌లో రాత్రి షట్టర్ సగం దించాక ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి బ్యాగులు తెరిపించేవాళ్లు. చివరి కస్టమర్లు ఇంకా బిల్లింగ్ దగ్గర ఉండగానే. ఆ ఇన్‌ఛార్జి ఒక్కొక్క వస్తువూ పైకెత్తి బల్ల మీద పెట్టించేవాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, మందుబిళ్లలు, నెలసరి ప్యాడ్లు కూడా. ఒక పిల్ల బ్యాగును గుండెలకు హత్తుకుని, కిందికి చూస్తూ అలాగే నిలబడిపోయింది. "దాచుకునేది ఏముందో" అన్నాడు. మగ సేల్స్‌మన్లు నవ్వారు. ఆ షోరూమ్ ఓనరుకు తెలిసింది ఒక్కటే, రోజూ చెకింగ్ పక్కాగా జరుగుతోందని. ఆ రాత్రి అక్కడ జరిగినదాన్ని కూడా నేను పనిచోట నష్టం అనే అంటాను. చేసినవాడు ఇన్‌ఛార్జి కాబట్టి అది ఎక్కడా రాసుకోలేదు, అంతే. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీ దగ్గర ఉందా? ఉంటే అందులో ఎవరున్నారో మీ స్టాఫ్‌లో ఒక్క ఆడపిల్ల చెప్పగలదా?

కొందరు యజమానులు నాతో సూటిగా అన్నారు, "మీరు పనివాళ్ల వైపు మాట్లాడుతున్నారు, మా సొమ్ము పోతుంటే చూస్తూ ఊరుకోమంటారా" అని. ఊరుకోమనడం లేదు. ముఠా కట్టి సరుకు దారి మళ్లించేవాళ్లను నేనూ చూశాను. ఆసుపత్రి ఫార్మసీలో మందులు మాయమైతే ఆ నష్టం రోగి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటిచోట విచారణ జరిపి, ఆధారాలు కాగితం మీద పెట్టి, తేలినవాళ్లను తీసేయండి. పోలీసు కేసు పెట్టాల్సి వస్తే పెట్టండి. తేలినవాళ్లను, అని మాత్రం మళ్లీ చెబుతున్నాను. దొంగ ఒకడైతే దండన ఒకడికే. తప్పు చేసినవాడికి శిక్ష పడుతుంది, చేయనివాడికి పడదు అన్న నమ్మకం కన్నా గట్టి తాళం మీ గోడౌన్‌కు లేదు.

గుణం చూడాలనే అనుకుంటే దానికి పద్ధతి ఉంది. వచ్చినవాళ్లందరినీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడగండి. "నువ్వు నిజాయతీపరుడివా" అని కాదు. "బిల్లు వేశాక కస్టమర్ ఎక్కువ డబ్బులిచ్చి వెళ్లిపోయారని తెలిసింది, ఇంతకుముందు పనిలో ఎప్పుడైనా ఇలా జరిగిందా, అప్పుడేం చేశావు" అని అడగండి. జవాబులు రాసుకుని, ఇద్దరు విడివిడిగా మార్కులు వేయండి. ఒక పూట పని చేయించి చూడండి, ఆ పూటకు కూలి ఇవ్వండి. కులం, ఊరు, జాతకం, ముఖం చూసి తేల్చే అలవాటు కన్నా ఇది చాలా మేలు. టెస్టు కూడా వాడాలంటే నలుగురైదుగురి మధ్య తూకం సరిగ్గా తేలనప్పుడు ఒక ఆసరాగా వాడండి, ఎరుపు చూసి గెంటేయడానికి వద్దు.

ఎవరినైనా సూపర్‌వైజర్‌ను చేసే ముందు మాత్రం బాగా వాకబు చేయండి. ఆ మనిషి మీతో ఎలా ఉంటాడన్నది పక్కనపెట్టి, తన కన్నా కిందివాళ్లతో, ఊడ్చే ఆమెతో, వాచ్‌మన్‌తో ఎలా ఉంటాడో వాళ్లనే అడగండి. అమ్మకాలు బాగా చేశాడన్న ఒక్క కారణంతో నలుగురి మీద పెత్తనం ఇవ్వొద్దు. ఇచ్చాక కూడా ఏడాదికోసారి అతని కింద పనిచేసేవాళ్ల మాట, పేర్లు రాయకుండా, మీ చేతికి నేరుగా వచ్చేలా తీసుకోండి. అందులో ఒకే ఫిర్యాదు నలుగురు రాస్తే అది చాడీ కాదు.

బ్యాగుల చెకింగ్ తప్పదనుకుంటే తెర చాటున, ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి. అందరికీ ఒకటే రూలు, మేనేజర్‌కు కూడా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకుని ఉంటే ఈ వారమే తిరిగి ఇచ్చేయండి. జీతంలో ఏదైనా కోయాల్సి వస్తే ముందుగా పిలిచి, ఎందుకో ఎదురుగా కూర్చుని చెప్పండి. గ్రీన్‌బర్గ్ చూసిన ఫ్యాక్టరీలో దొంగతనాల్ని అదుపులో ఉంచింది ఆ మాటలే, వాటికి ఖర్చేమీ కాలేదు. వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ ఫొటోలను తీసేయండి. మీ గ్రూపులో ఇంకొకరు పెడితే, ఆధారం ఏమిటని అడిగే మొదటి మనిషి మీరు అవ్వండి.

దసరా స్టాఫ్‌ను తీసుకోవడం మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం కేటాయించి, పోయిన ఏడాది కోతల పుస్తకం ముందేసుకోండి. ఏ ఇన్‌ఛార్జి కింద కోతలు ఎక్కువ పడ్డాయి, ఎవరి కింద మనుషులు ఎక్కువ మానేశారు, ఈ రెండూ పక్కపక్కన రాసి చూడండి. ఇంటర్వ్యూకు అడగదగ్గ ప్రశ్నలూ, సూపర్‌వైజర్ల గురించి స్టాఫ్‌ను అడిగే ప్రశ్నలూ తెలుగులో రాసి పెట్టాను. ఈ లేఖ మీకు అందించినవారి దగ్గర ఆ కాగితాలున్నాయి, అడిగితే ఊరికే ఇస్తారు.

ఇట్లు,
స్టాఫ్ వ్యవహారాలు చూసిన ఒక మాజీ ఉద్యోగిని,
సత్యనారాయణపురం, విజయవాడ